అంకె లేకుండా లేవకండి

మొక్క కవరును నేల మీంచి ఎత్తినప్పుడు అడుగున వేరు తెగే చప్పుడు చాలా సన్నగా ఉంటుంది. కొత్తవాళ్లకి వినపడదు. నర్సరీ పనిలో ఇరవై ఆరేళ్లుగా ఉన్నాను కాబట్టి నాకు నాలుగు మడుల అవతల నుంచి కూడా వినపడుతుంది. మొన్న ఆదివారం పొద్దున్న మా పనివాళ్లు జామ కవర్లు కదుపుతున్నారు. పుటుక్, పుటుక్‌మని వరసగా ఆ చప్పుడు, దాంతోపాటు కవర్ల కింద ఇన్నాళ్లూ మగ్గిన తడిమట్టి వాసన. కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆ మధ్యాహ్నం మా నర్సరీ రైతుల సంఘం మీటింగు. అందులో ఏం మాట్లాడాలో తేల్చుకోలేక అప్పటికి వారం రోజులుగా ఇంట్లో అందరి మీదా విసుక్కుంటూ తిరుగుతున్నాను. ఆ చప్పుడు వినగానే సత్యవతి పిన్నిగారు గుర్తొచ్చారు. గుర్తొచ్చారంటే ఏదో ప్రేమ పొంగుకొచ్చిందని కాదు. వెనక నించుని "ఏమే మణీ, ఏంటి నీ ఆలోచన?" అని నిలదీసినట్టయింది.

మా ఊరు కడియం పక్కన. ఆవిడ నాకు చుట్టం కాదు. నేను పెళ్లై ఈ ఊరు వచ్చేసరికి మా ఆయన లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు ఇంటి పట్టున ఉండేవారు కాదు. ఊరికే కూర్చోలేక పక్కింటావిడ వెంట సత్యవతి గారి నర్సరీకి పనికి వెళ్లాను. ఊరంతా ఆవిణ్ణి సత్యవతమ్మగారు అనేవారు. నేను మొదటిరోజే పిన్నిగారూ అని పిలిచేశాను, ఆవిడ కాదనలేదు. పొట్టిగా, కాస్త బొద్దుగా ఉండేవారు. భర్త పోయాక ఆయన వదిలిన రెండున్నర ఎకరాల్ని ఒక్కతే చూసుకునేవారు. అంటు కట్టడంలో ఆవిడ చెయ్యి తిరిగినంతగా ఇంకెవరిదీ తిరగడం నేను చూడలేదు. కొమ్మని ఏటవాలుగా కోసి, మొదలుకి ఆనించి, ప్లాస్టిక్ పట్టీ చుట్టి ముడేసేదాకా కబుర్లు చెబుతూనే ఉండేవారు. మనం పప్పులో తాలింపు వేసేటప్పుడు ఆలోచిస్తామా, అలాగన్నమాట. నాకు నేర్పడానికి మాత్రం ఆవిడకి ఓపిక ఉండేది కాదు. "చూడు, చెయ్యి, పాడుచెయ్యి, మళ్లీ చెయ్యి" అనేవారు, అంతే.

మొదటి ఏడాది నాకు జామ మొక్కల మడి ఒకటి అప్పగించారు. మూడు వారాలకోసారి కవర్లన్నీ కదపాలని చెప్పారు. కవరు అడుగున నీళ్లు పోయేందుకు చిల్లులుంటాయి. కదపకుండా వదిలేస్తే ఆ చిల్లుల్లోంచి వేరు నేలలోకి దిగిపోతుంది. నేను నడిమి వరసలో ఓ పాతిక కవర్లు కావాలనే కదపలేదు. ఎందుకంటే అవి మిగతావాటికన్నా జానెడు ఎత్తెదిగి, ఆకులు నల్లగా నిగనిగలాడుతున్నాయి. వాటిని చూసుకుని మురిసిపోయేదాన్ని. ఒకరోజు పిన్నిగారు వచ్చి ఆ వరసలో ఓ కవరు ఎత్తమన్నారు. రాలేదు. రెండు చేతులతో లాగితే పట్‌మని తెగి ఊడొచ్చింది. "నీడలో పెట్టు" అన్నారు. రెండు రోజుల్లో మొక్క వాడిపోయి తల వేలాడేసింది, నాలుగో రోజుకి ఎండిపోయింది. పాతికకీ అదే గతి పట్టింది. ఏడుపు ఆగలేదు నాకు. "కవర్లో ఉన్న మట్టితో పెరిగిందనుకున్నావు. నేల తాగి పెరిగింది. కొనుక్కున్నవాడి ఇంటికి నేల వెళ్తుందా?" అన్నారు. చాలా ఏళ్ల తర్వాత నేను తెలివి ప్రదర్శిస్తూ, మనుషులు కూడా అంతే కదండీ పిన్నిగారూ అన్నాను. ఆవిడకి చిర్రెత్తుకొచ్చింది. "మొక్కకి బుర్ర లేదు, మనిషికుంది. వాటితో వీళ్లకి పోలికలు పెట్టకు" అన్నారు. అందుకని నేనూ పెట్టడం లేదు.

ఆవిడకో అలవాటుండేది. పొద్దున్న లేవగానే కాఫీకి ముందు నర్సరీ అంతా ఓ చుట్టు తిరిగొచ్చేవారు. ప్రతి మడి దగ్గరా ఆగి, ఒకటి రెండు ఆకులు తిప్పి చూసి, పురుగు కనిపిస్తే గిల్లి పారేసి అప్పుడు కదిలేవారు. ఇంటికొచ్చేసరికి కాఫీ వేళ కచ్చితంగా సరిపోయేది. మా పక్కనే ఉన్న అయిదెకరాల తోట యజమాని ఓసారి వచ్చి, తోట అమ్మేస్తున్నాను, బయటివాళ్లకి ఇచ్చేకన్నా మీరు తీసుకుంటే నాకు సంతోషం అన్నాడు. ఆవిడకి కొనే స్తోమతు అప్పుడుంది. అయినా వద్దన్నారు. కారణం అడిగితే "కాఫీ ఆలస్యమవుతుంది" అన్నారు. మేమందరం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. తన కళ్లతో రోజూ చూడలేనిది తనది ఎలా అవుతుందన్నది ఆవిడ లెక్క. ఆ మాటని ఊళ్లో కథలా చెప్పుకున్నారు. నేనైతే ఆవిణ్ణి నెత్తిన పెట్టుకున్నాను.

ఆ తోట వీర్రాజు గారు కొన్నారు. వీర్రాజు గారంటే ఎవరో దుర్మార్గుడు అనుకోకండి. ఒక సైకిలు, దాని వెనక గంపలో బంతి నారు, అక్కడ మొదలైన మనిషి. ఊళ్లో ఎవరికైనా ఆస్పత్రి అవసరం పడితే కారు పంపేది ఆయనే. ఎంత చిన్నవాళ్లనైనా అండి అనేవారు. అప్పటికే ఆయనకి చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో నర్సరీలున్నాయి. ఆ అయిదెకరాల్లో అరెకరం, పావెకరం చొప్పున కౌలుకి తీసుకుని పూలమొక్కలు పెంచుకునే కుటుంబాలు ఆరు ఉండేవి. మొక్కల నీడకి కొత్త షేడ్‌నెట్లు వేస్తున్నాం, ఖాళీ చెయ్యండి అని ఆయన మర్యాదగానే చెప్పారు. మీకు పని కావాలంటే నా దగ్గరే చెయ్యండి అని కూడా అన్నారు. వాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు పిన్నిగారి అరుగు మీదకొచ్చి కూర్చున్నారు. "మీరు కొనుంటే మమ్మల్ని ఉండనిచ్చేవారు కదమ్మా" అంది ఒకావిడ. తిట్టినట్టు కూడా అనలేదు, మామూలుగా అంది. వాళ్లు వెళ్లాక పిన్నిగారు చేతిలో ఉన్న కత్తి పక్కన పెట్టేశారు. తర్వాత నాతో అన్నారు, "నేను ఆగానని నాకు లోపల గొప్పగా ఉండేదే మణీ. నేనొక్కదాన్నీ ఆగితే ఎవరికి ఒరిగింది? నేను వదిలిన జాగాలో ఆయన కాలు పెట్టాడు. మంచితనం మన ఇంట్లో మనం పెట్టుకుంటే చాలదు. అందరికీ కలిపి ఓ రూలుండాలి." ఆవిడ తప్పు ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదలు. నాకు నచ్చలేదు. కాఫీ కథే బాగుందనిపించింది.

తర్వాత కొన్నాళ్లకి నేను ఇంటి వెనక సొంతంగా మందారాలు, క్రోటన్లు పెంచడం మొదలుపెట్టాను. పొద్దున్న పిన్నిగారి దగ్గర, మధ్యాహ్నం నుంచి నా మొక్కల దగ్గర. మాలాంటి లోపలి వీధులవాళ్ల మొక్కలు కొనడానికి ఎవరూ రారు. కార్లన్నీ హైవే మీద ఆగుతాయి, అక్కడున్న నర్సరీల్లోనే కొనుక్కుని వెళ్లిపోతాయి. అందుకే మా సంఘం హైవే పక్కన రెండెకరాలు లీజుకి తీసుకుని యార్డు పెట్టింది. యార్డులో అరవై వరసలు. ఒక్కో వరసకి ఒక బోర్డు. ఎవరికి ఎన్ని వరసలన్నది ఏటా వేలంపాటలో తేలేది. మొదట్లో అందరూ ఒకటో రెండో పాడుకుని ఊరుకునేవారు. నాకు ఒక వరస వచ్చిన రోజు పచ్చరంగు డబ్బా తెచ్చుకుని నా పేరు నేనే రాసుకున్నాను. అక్షరాలు వంకరగా వచ్చాయి. పక్క వరస కమలది. వాళ్లాయన మంచం పట్టాక ఆ వరస మీదే వాళ్లిల్లు నడిచేది. మేమిద్దరం ఒకే గొడుగు కింద కూర్చుని, ఒకరి అన్నం ఒకరు తింటూ అమ్ముకునేవాళ్లం. నా జీవితంలో అంత సంతోషంగా మళ్లీ ఎప్పుడైనా ఉన్నానా అంటే చెప్పలేను.

వీర్రాజు గారు పాటకి వచ్చిన మొదటి ఏడాది పన్నెండు వరసలు పాడుకున్నారు, మరుసటి ఏడాది ఇరవై రెండు. పాటలో ఆయన చెయ్యి పైకి లేస్తే మిగతావాళ్లు దించుకునేవారు. అప్పుడు పిన్నిగారు సంఘంలో తీర్మానం పెట్టారు. ఒక మనిషికి, భార్యాబిడ్డల పేర్లు కలిపినా సరే, మూడు వరసలకి మించకూడదని. కాలువలకి నీళ్లు ఆపేసిన వేసవి అది. యార్డు షెడ్డులో మధ్యాహ్నం మీటింగు, రేకుల కింద ఉడికిపోతున్నాం. వీర్రాజు గారు లేచి నించున్నారు. "అమ్మా, నేను ఎవరిదీ లాక్కోలేదండి. కష్టపడి పెరిగానండి. హైదరాబాదు బిల్డరు నాలుగు లారీల మొక్కలడిగితే ఒక్క వరసవాళ్లు ఇవ్వగలరా చెప్పండి. పెరిగేవాణ్ణి ఆపడం న్యాయమేనాండి?" అన్నారు. నిజమే కదా అనిపించింది నాకు.

పిన్నిగారు కూర్చునే సమాధానమిచ్చారు. "లారీలకి నువ్వే పంపు బాబూ, ఎవడొద్దన్నాడు? నీకు నాలుగూళ్లలో తోటలున్నాయి. ఈ యార్డు రోడ్డు మీద పోయేవాడికి మా మొహం కనపడ్డానికి పెట్టుకున్నది. దీన్ని కూడా నింపేస్తే మా మొహాలు ఎక్కడ పెట్టుకోవాలి?" వెనక నుంచి ఎవరో, మూడే ఎందుకమ్మా, నాలుగెందుకు కాకూడదు, అసలు ఎక్కువ అనేది ఎవరు తేలుస్తారు అని అడిగారు. అప్పుడు ఆవిడ లేచారు. "నాలుగైతే నాలుగే పెట్టండి. అయిదైతే అయిదు. నాకు పట్టింపు లేదు. ఏదో ఒక అంకె పెట్టండి. అంకె లేకుండా మాత్రం ఇక్కణ్ణుంచి లేవకండి" అన్నారు. మొదట మూడు మీదే చేతులు ఎత్తమన్నారు అధ్యక్షుడు గారు. అంతకుముందే అందరికీ టీలు వచ్చాయి. నా కుడిచేతిలో టీ గ్లాసుంది. చెయ్యెత్తలేదు. నా పక్కన కమల నా మొహంలోకి చూసింది. నేనేం చేస్తే తనూ అదే చేద్దామని చూసింది. నేను టీ తాగాను. తను కూడా చెయ్యెత్తలేదు. నెగ్గడానికి సరిగ్గా రెండు చేతులు తగ్గాయి. తీర్మానం వీగిపోయాక నాలుగా, అయిదా అని అడిగే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది. ఎండకి అందరూ లేచి వెళ్లిపోయారు.

వారం తర్వాత మేమిద్దరం సపోటా అంటు కడుతున్నాం. పిన్నిగారు తల వంచుకుని పట్టీ చుడుతూ, "మొన్న ఎందుకెత్తలేదే?" అన్నారు. "చేతిలో టీ ఉందండి" అన్నాను. ఆవిడ ఫక్కున నవ్వారు. "ఎడమచెయ్యి ఏమైంది?" అన్నారు. ఇంక దాచలేకపోయాను. నేను కూడా పెరుగుతానని అనుకున్నానండి, పెరిగాక ఆ రూలు నాకే అడ్డొస్తుందేమోనని భయపడ్డానండి అని చెప్పేశాను. "ఎన్ని వరసలు అనుకున్నావు?" అని అడిగారు. అయిదండి అన్నాను. అంతకుముందు నేను అంకె ఏదీ అనుకోలేదు, అప్పటికప్పుడు నోటికొచ్చింది. ఆవిడ ముడేసి, కొస తుంచి, ఇంకో మొక్క అందుకున్నారు. "అయిదైనా పరవాలేదన్నాను కదే నేను. నోరు విప్పి అయిదని అడగలేకపోయావా?" అన్నారు. ఆవిడ తల ఎత్తలేదు. నాకు కావాల్సింది అయిదు కాదని అప్పుడు తెలిసింది. అంతం లేకపోవడం కావాలి నాకు. ఒక్క వరస, చేత్తో రాసుకున్న ఒక్క బోర్డు ఉన్న దాన్ని, వీర్రాజు గారి ఇరవై రెండు వరసల్ని నా సొంతంలా కాపాడి వచ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ మళ్లీ ఆ మాటెత్తలేదు, ఆ రోజే కాదు, పోయేదాకా ఎత్తలేదు.

ఆ మరుసటి ఏడాది పాటలో నా వరస పోయింది, కమలది కూడా పోయింది. పిన్నిగారు తనకున్న ఒకే వరసలో సగం నాకిచ్చారు. కమలకి ఇవ్వడానికి ఇంకో సగం ఎవరి దగ్గరా లేదు. కొన్నాళ్లు వీర్రాజు గారి దగ్గరే కూలికి వెళ్లింది, తర్వాత రొయ్యలు ఒలిచే షెడ్డుకి కూలీల్ని తీసుకెళ్లే బస్సు ఎక్కడం మొదలుపెట్టింది. ఇప్పటికీ వెళ్తోంది. రోడ్డు మీద కనిపిస్తే ఆగి పలకరిస్తుంది. ఆ రోజు నా మొహం చూసి చెయ్యి ఎత్తకుండా ఊరుకున్న సంగతి తనకి గుర్తుందో లేదో నేను అడగలేదు. అడిగే మొహం నాకు లేదు.

పిన్నిగారు పోయి నాలుగేళ్లయింది. రెండేళ్ల కిందట రోడ్డు వెడల్పు చేసినప్పుడు పాత యార్డు వీర్రాజు గారి బోర్డులతో సహా పోయింది. ఈలోగా నా దశ తిరిగింది. మా అమ్మాయి మొక్కల వీడియోలు తీసి ఫోన్లో పెట్టడం మొదలెట్టింది, ఎక్కడెక్కడి నుంచో ఆర్డర్లు వచ్చాయి. సగం కష్టం, సగం అదృష్టం. ఇప్పుడు నాకు మూడు చోట్ల నర్సరీలున్నాయి. రెండింటిని నేను వారానికోసారి కూడా చూడను. ఇప్పుడు సంఘం కొత్త బైపాస్ పక్కన మళ్లీ యార్డు పెడుతోంది, మళ్లీ అరవై వరసలు. నేను పన్నెండు పాడుకోగలను. ఎవరూ నా మీద పాడరు. "నువ్వు తీసుకోకపోతే ఇంకొకళ్లు తీసుకుంటారమ్మా" అంది మా అమ్మాయి. నిజమే. పిన్నిగారు వదిలిన తోట సంగతి నాకు తెలియదా? వారం రోజులు నన్ను తిన్నది అదే. తీసుకుంటే నేను వీర్రాజు గారినవుతాను, ఒక్కదాన్నీ మానుకుంటే ఆ కాఫీ కథ మళ్లీ మొదలవుతుంది.

మొన్న మీటింగులో టీలు వచ్చినప్పుడు నేను తీసుకోలేదు. లేచి, మనిషికి నాలుగు వరసలకి మించకూడదని తీర్మానం పెట్టాను. "నాకు పన్నెండు పాడే స్తోమతుంది. నేను మంచిదాన్ని కాబట్టి నాలుగుతో ఆగుతానని చెప్పడం లేదు. ఎవరూ ఆపకపోతే నేను ఆగను, నా సంగతి నాకు తెలుసు. నన్ను ఆపమని అడుగుతున్నాను" అన్నాను. ముందు వరసలో కర్ర ఆనించుకుని కూర్చున్న వీర్రాజు గారు, "ఇది సత్యవతమ్మగారి మాటే కదండి" అన్నారు. "ఆయ్, ఆవిడదేనండి" అన్నాను. "నేను అప్పుడూ వద్దన్నానండి, ఇప్పుడూ వద్దనే అంటాను. పెరిగేవాళ్లని ఆపకూడదు" అన్నారు. ఆయనకిప్పుడు పాడుకునే ఓపిక లేదు, కొడుకులు ఈ పనిలో లేరు. అయినా మాట మార్చలేదు. ఆ ఒక్క విషయంలో ఆయనంటే నాకు గౌరవం.

తీర్మానం నెగ్గింది, బొటాబొటీగా. పోయిన ఎనిమిది వరసల కోసం మనసు పీకుతూనే ఉంది, అబద్ధం చెప్పను. కమలకి దీనివల్ల ఒరిగిందేమీ లేదు. పదమూడేళ్లు ఆలస్యంగా నెగ్గిన తీర్మానం తనని ఆ రొయ్యల షెడ్డు బస్సు దింపదు. చేతులెత్తమన్నప్పుడు నేను చుట్టూ చూశాను. వెనక బెంచీ మీద శ్రావణి కూర్చునుంది. మొన్నమొన్నటిదాకా నా దగ్గర అంటు కట్టిన పిల్ల, ఈ మధ్యే ఇంటి వెనక సొంతంగా నాలుగు మడులు వేసుకుంది. ఈ యార్డులో ఒక వరస పాడుకుందామని వచ్చింది. చేతిలో టీ గ్లాసుంది. చెయ్యెత్తలేదు. నేను చూశానని తనూ చూసింది. అప్పటి నుంచి నన్ను తప్పించుకు తిరుగుతోంది.

నాకు కోపం లేదు. రేపో ఎల్లుండో ఏదో పని మీద వస్తుంది, పిన్నిగారూ అని పిలుస్తుంది. చేతికో అంటు కత్తి ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకుంటాను. కాసేపయ్యాక అడుగుతాను, ఎన్ని వరసలు అనుకున్నావమ్మా అని. అడిగేటప్పుడు పట్టీ చుడుతూనే ఉండాలి, తల ఎత్తకూడదు. ఆ రోజు సత్యవతి పిన్నిగారు నా వంక చూడకపోవడం కోపం వల్లనని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆవిడ నా మొహంలోకి చూస్తే నేను తట్టుకోలేనని చూడలేదని మొన్న శ్రావణిని చూశాకే తెలిసింది.